చివరి వరుసలో డోలు

కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసుల్లో చేరే పిల్లలకు ఈమధ్య శిక్షణ శిబిరాలు పెడుతున్నారు. నన్నూ ఒకసారి పిలిచారు. ఏసీ హాలు, గోడ మీద రంగురంగుల బొమ్మలు, మధ్యలో బిస్కెట్లు. తాత్కాలిక ఎగుమతి అంటే ఏమిటో ఒకాయన చాలాసేపు చెప్పాడు. ఆయన జన్మలో ఒక్క పెట్టె కూడా మేకులు పీకించి చూసిన మనిషి కాదని నాకు మొదట్లోనే తెలిసిపోయింది. నా వంతు వచ్చేసరికి అందరూ భోజనాలకు లేచారు. ఆరోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. చదివేవాళ్లు భోజనం చేసే కూర్చోండి.

నా పేరు సుభద్ర. మాది ఆదోని. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి మదీనాగూడలో స్థిరపడ్డాం. మాదాపూర్‌లో ఒక కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పదవీ విరమణ దాకా పనిచేశాను. నా బల్ల మీదికి వచ్చేవి ఒకే రకం సరుకు. విదేశాలకు వెళ్లి, అమ్ముడుపోకుండా, తిరిగి ఇంటికి రావలసినవి. ఎగ్జిబిషన్లలో పెట్టే యంత్రాలు, సినిమా వాళ్ల కెమెరాలు, నగల నమూనాలు. నేను ఎన్ని మెట్లు ఎక్కానో, ఏ కుర్చీలో కూర్చున్నానో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క కేసు చెబుతాను. ఈ వృత్తిలో నేర్చుకోవలసిందంతా అందులోనే ఉంది.

గడువు పెంచడమంటే ముద్ర కొట్టడం కాదు

ముందు పని ఏమిటో తెలియాలి. సరుకు కొన్నాళ్లకే బయటి దేశం వెళ్తుంటే ప్రతి దేశంలోనూ సుంకం కట్టకుండా, కార్నెట్ అనే పుస్తకం ఒకటి తీసుకుంటారు. ఇక్కడి వర్తక మండలి ఇస్తుంది. అందులో సరుకు జాబితా ఉంటుంది. వెళ్లేటప్పుడు మన కస్టమ్స్, అక్కడికి చేరాక వాళ్ల కస్టమ్స్, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఇద్దరూ ఆ జాబితాతో సరుకును పోల్చి ముద్ర వేస్తారు. పుస్తకం ఆయుష్షు ఏడాది.

ఏడాదిలో సరుకు తిరిగి రాకపోతే? చాలామంది పాత పుస్తకం మీద కొత్త తేదీ వేయించుకుంటే చాలనుకుంటారు. అలా కుదరదు. మండలి నుంచి ఇంకో పుస్తకం తెచ్చుకోవాలి. జాబితా అక్షరం పొల్లు పోకుండా పాతదే ఉండాలి. పాత పుస్తకం బతికుండగానే రెండు పుస్తకాలనూ, సరుకునూ అక్కడి కస్టమ్స్ ముందు పెట్టాలి. వాళ్లకు నచ్చితే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు. ఆలస్యమైతే సరుకు అక్కడే దిగుమతైనట్టు లెక్క. ఇక దాన్ని మనదని ఇంటికి తెచ్చుకోవడం తల ప్రాణం తోకకు తెచ్చే పని.

ఇంత చిన్న సంగతి హైటెక్ సిటీలో ఇంజనీరింగ్ చదివిన ఒక్కడికీ ఎక్కేది కాదు. వాళ్ల లోకంలో ఏ గడువూ గడువు కాదు. సాఫ్ట్‌వేర్ ఫలానా రోజు ఇస్తామంటారు, ఇవ్వరు, ఇంకో తేదీ చెబుతారు, అవతలివాడూ తల ఊపుతాడు. దేశాల సరిహద్దులు కూడా అలాగే తల ఊపుతాయని వాళ్ల నమ్మకం.

డోలు ఎలా వెళ్లిందంటే

మాదాపూర్‌లో ఒక కంపెనీ ఉండేది. వేలిముద్ర చూసి మనిషిని గుర్తుపట్టి తలుపు తీసే యంత్రాలు చేసేవాళ్లు. ఇది గుర్తుంచుకోండి. ఒక మనిషికీ ఇంకో మనిషికీ తేడా చెప్పడమే వాళ్ల వ్యాపారం.

జర్మనీలో ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టారు. జనాన్ని ఆకర్షించడానికి మన నేల వాసన ఏదైనా ఉండాలని ఎవరికో మెరుపు లాంటి ఆలోచన వచ్చింది. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. బంద్ అంటే చాలు, ఈ కంపెనీ పెద్దలు రోడ్ల మీద డప్పు కొట్టేవాళ్లను బండ బూతులు తిట్టేవాళ్లు. అదే పెద్దలు జర్మనీకి మాత్రం సిద్దిపేట దగ్గరి ఒగ్గు కళాకారుడు మల్లయ్యను, ఆయన డోలును తీసుకెళ్లారు. ఇక్కడ వినిపిస్తే గోల, అక్కడ వినిపిస్తే సంస్కృతి.

యంత్రాలతో పాటు డోలును కూడా కార్నెట్‌లో రాయాలి. జాబితాలో అది చివరి వరుస. యంత్రాలకు నంబర్లున్నాయి. డోలుకు ఏముంది? మా ఆఫీసు యజమాని ప్రసాద్ గారిది గుడివాడ. మంచాయన, కానీ భయస్తుడు. క్లయింటు తుమ్మితే ఈయనకు జలుబు చేసేది.

"డోలు ఒకటి, చెక్కతో చేసింది, అని రాసేయమ్మా సుభద్రా. దానికింత ఆలోచనేంటి?" అన్నారు.

నేను వినలేదు. మల్లయ్యను పిలిచి డోలును బల్ల మీద పెట్టించాను. ఎడమ అంచున చెక్క పగిలి ఉంది. ఆ పగులును రాగి తీగతో కుట్టినట్టుగా బిగించారు. అది రాశాను. మేకతోలు అనీ, వాడినది అనీ రాశాను. మల్లయ్య నా చేతిని చూస్తూ నిలబడ్డాడు.

"ఏం రాస్తున్నవ్ మేడం?"

"వాడిన డోలు అని."

"గట్ల రాయకు. వాడినది అంటే పాతదనుకుంటరు. పాతదంటే పనికిరానిదనుకుంటరు."

"అట్ల రాస్తేనే తిరిగొచ్చేది, మల్లయ్యన్నా. కొత్తదంటే అమ్ముకునే దానికి తీసుకుపోతున్నారంటారు."

"అయితే నా పేరు గూడ రాయి."

పేర్లు రాసే వరుస అందులో లేదని చెప్పాను. ఆయన మూతి ముడుచుకున్నాడు. "నా పేరు లేదు, తీగ పేరున్నదా?" అన్నాడు. ఆరోజు నవ్వుకున్నాను.

ప్రసాద్ గారు మాత్రం తీగ సంగతి చదివి, "ఇది కార్నెట్టా, పెళ్లిచూపుల్లో అమ్మాయి పోలికలా?" అని ఆఫీసంతా వినేలా వెక్కిరించారు. పిల్లలూ, ఒక్క సలహా ఇస్తాను. నంబరు లేని వస్తువుకు దాని దెబ్బే గుర్తు. మచ్చ, పగులు, అతుకు, ఏది ఉంటే అది రాయండి. పైవాడు వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి.

టికెట్ క్లోజ్ అయింది

ఎగ్జిబిషన్ అయిపోయింది. మల్లయ్య ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఒక జర్మన్ కంపెనీ ఆ యంత్రాలను కొన్నాళ్లు తన ఆఫీసులో వాడి చూస్తానందట. డోలు కూడా వాళ్లకు నచ్చింది, ముందు హాల్లో పెట్టుకుంటామన్నారు. యంత్రాలతో పాటే వస్తుందిలే అని మల్లయ్యను విమానం ఎక్కించారు. ఆ ఏడాది కొమురవెల్లి మల్లన్న జాతరలో ఆయన ఎవరినో అడిగి తెచ్చుకున్న ఎరువు డోలుతోనే గడిపాడు.

తర్వాత సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, కరెంటు కోతలు, రోజుకో రాస్తారోకో. ఒకరోజు మల్లయ్య ఎవరిదో బండి మీద మా ఆఫీసుకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి గట్టిగా అడిగాడు.

"మేడం, నా డోలేది?"

"కంపెనీ వాళ్లేమంటున్నారు?"

"ఫోనెత్తుతలేరు. ఏడాది కావస్తున్నది. మళ్ల జాతరొస్తది. నా బామ్మర్దిది, నాది జత డోళ్లు. ఒకటి లేకుంటే రెండోది మూగదే. ఎరువు డోలుతోని పట్నాలేస్తే పోయినేడు మా ఊరోళ్లు నవ్విన్రు. ఈయేడు గూడ గంతే అయితే ఇగ నన్ను పిలువరు."

ఇది ఒగ్గు పూజారి మాట. రంగుల ముగ్గులతో మల్లన్న పట్నాలు వేసి, కథ చెప్పి, డోలు మోగించే ఇళ్లు ఆయనకు తరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్లు ఇంకొకరిని పిలవడం మొదలుపెడితే ఇక తిరిగి రావు. ఆయన అడుగుతున్నది డోలును మాత్రమే కాదని నాకు అర్థమైంది.

కార్నెట్ తేదీ చూశాను. ఆయుష్షు తీరబోతోంది. గడువు పెంచమని మాకు ఎవరూ ఒక్క మాటా చెప్పలేదు. ఆ కంపెనీలో ఈ వ్యవహారం చూసే మేనేజర్ కార్తీక్‌కు ఫోన్ చేశాను.

"గడువు సంగతి చూశాం కదండీ మేడమ్. మా సిస్టమ్‌లో టికెట్ రెయిజ్ చేశాం," అన్నాడు.

"ఎవరికి?"

"అడ్మిన్ టీమ్‌కండీ. స్టేటస్ క్లోజ్డ్ అని వచ్చింది. గ్రీన్‌లో ఉంది."

"ఎవరు క్లోజ్ చేశారు?"

"సిస్టమండీ. ఎవరూ రిప్లై ఇవ్వకపోతే అదే క్లోజ్ చేసేస్తుంది."

"అంటే ఎవరూ ఏమీ చేయలేదు."

"కానీ క్లోజ్ అయింది కదండీ."

ఈ సంభాషణలో నేను ఒక్క అక్షరం కూడా కల్పించలేదు. పని అడిగినందుకు ఒక రసీదు, పని ఎవరూ చేయనందుకు ఒక పచ్చరంగు. ఆ పచ్చరంగు చూసి ఇంత చదువుకున్న మనిషి నెలల తరబడి నిశ్చింతగా నిద్రపోయాడు. మా అవ్వ సంతకం కూడా రాని మనిషి, కానీ పొయ్యి మీద పాలు కాగాయో లేదో గిన్నెలోకి చూసి చెప్పేది. వీళ్లకు గిన్నెలోకి చూసే అలవాటే పోయింది.

ఆలస్యానికి కారణమేమిటని మండలి అడుగుతుంది, ఒక ఉత్తరం రాసివ్వమన్నాను. ఉద్యమం వల్ల, బంద్‌ల వల్ల ఆలస్యమైందని రాశాడు. నాకు ఒళ్లు మండింది. యంత్రాలున్నది జర్మనీలో. అక్కడెవరూ రాస్తారోకో చేయలేదు. ఊరు తగలబడుతోందని పై ఆఫీసులకు మెయిళ్లు పంపి, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో క్రికెట్ ఆడుకున్నవాళ్లను నేను కళ్లారా చూశాను. ఇటువైపూ గొప్పేం కాదు. పొద్దున ఐటీ ఆఫీసు అద్దాలు పగలగొట్టి, మర్నాడు అదే ఆఫీసులో తమ్ముడికి ఉద్యోగం అడిగిన నాయకుడినీ చూశాను. ఉద్యమం నిజమైనదే. దాని పేరు చెప్పుకుని రెండువైపులా సోమరులు బాగా బతికారు.

ఉత్తరం చింపి, యంత్రాలు ఇంకా పరీక్షలో ఉన్నాయన్న నిజమే మళ్లీ రాయించాను.

వంటావార్పు

కొత్త కార్నెట్‌కు కంపెనీ తరఫున కార్తీక్ సంతకాలు పెట్టాలి. స్కాన్ పంపితే చాలదా అని అడిగాడు. చాలదు. ఇంట్లోంచి పనిచేస్తున్నాను, పరిస్థితులు బాగోలేవు, బయటికి రాలేనన్నాడు. సరే, నేనే వస్తానన్నాను. మదీనాగూడ నుంచి నా స్కూటీ మీద బయల్దేరాను.

హఫీజ్‌పేట దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. వంటావార్పు. పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు. జెండాలు పట్టుకుని పాటలు పాడుతున్నారు. ఒక కుర్రాడు నా బండి ఆపి తాళంచెవి తీసుకున్నాడు.

"ఏడికి పోతున్నవ్ అక్కా?"

"కొండాపూర్. ఆఫీసు పని."

"బంద్ అని ఎర్క లేదా? ఏ ఊరు మీది?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "ఆదోని," అన్నాను.

"అంటే ఆంధ్రోళ్లే."

"ఆంధ్రా కాదు, సీమ. మమ్మల్ని వాళ్లూ కలుపుకోరు, మీరూ కలుపుకోరు," అన్నాను. ఒకరిద్దరు నవ్వారు, కుర్రాడు నవ్వలేదు.

"నేను పోయేది ఒక ఒగ్గు డోలు పని మీద. జర్మనీలో ఇరుక్కుంది. ఈరోజు సంతకం పడకపోతే అది ఇక రాదు," అన్నాను. ఎవరూ నమ్మలేదు. మల్లయ్యకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి వాళ్ల చేతికిచ్చాను. అవతలి నుంచి ఆయన కేక రోడ్డంతా వినబడింది.

"ఓ తమ్మీ, ఎవలురా నువ్వు? గామెను పోనియ్యుండ్రి! నా డోలు తెచ్చేటామె! గామెను ఆపినవంటే నేనే వచ్చి నీ వీపు మీద డోలు కొడ్త!"

ఈసారి అందరూ నవ్వారు. కుర్రాడు తాళంచెవి ఇచ్చాడు, కానీ అన్నం తినకుండా కదలనివ్వలేదు. రోడ్డు మీదే కూర్చుని విస్తరాకులో పప్పన్నం తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, అయినా బాగుంది. అంతకాలంగా ఈ నగరంలో ఉన్నా, నన్ను అలా కూర్చోబెట్టి వడ్డించినవాళ్లు లేరు.

కొండాపూర్‌లో కార్తీక్ వాళ్ల గేటు దగ్గర కాపలావాళ్లు నన్ను లోపలికి రానివ్వలేదు. ఆయన నిక్కరుతో, చేతిలో కాఫీ కప్పుతో వచ్చాడు. నా స్కూటీ సీటు మీద కాగితాలు పెట్టి, ఏమీ చదవకుండానే సంతకాలు చేశాడు.

"మేడమ్, ఆ డ్రమ్ వరుస తీసేయొచ్చు కదండీ? యంత్రాలైతే చాలు మాకు."

"తీసేస్తే జాబితా పాతదానితో సరిపోదు. మొత్తం పోతుంది."

"ఓ," అన్నాడు. ఆ 'ఓ'లో అంత కంగారు ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కొత్త కార్నెట్ వచ్చింది. జర్మనీ వెళ్తున్న వాళ్ల ఉద్యోగి చేతికే ఇచ్చి పంపాం. అక్కడి కస్టమ్స్ పాత పుస్తకం ఆయుష్షు తీరకముందే దాన్ని ఒప్పుకుంది. మల్లయ్యకు ఫోన్ చేసి జాతర లోపల డోలు వస్తుందని చెప్పాను. గెలిచాననుకున్నాను. కానీ ఆ పెరిగిన గడువును వాళ్లు దేనికి వాడుకున్నారో తెలిశాక సిగ్గుతో చచ్చిపోయినట్టయింది.

లెక్క సరిపోయింది

శంషాబాద్ కార్గోకు సరుకు వచ్చింది. పెట్టెలు విప్పించారు. సమ్మె ఆగినా పని కుప్పలుగా పేరుకుపోయి ఉంది. కస్టమ్స్ అధికారి అలసిపోయి ఉన్నాడు. యంత్రాల నంబర్లు చూశాడు, సరిపోయాయి. చివరగా డోలు. ఒకటి ఉండాలి, ఒకటి ఉంది. పెన్ను తీశాడు.

నేను డోలు వైపు చూశాను. కొత్తగా నిగనిగలాడుతోంది. వార్నిష్ వాసన నాదాకా వస్తోంది. అంచు చుట్టూ ఒక్క పగులూ లేదు. రాగి తీగ లేదు.

అది మల్లయ్య డోలు కాదు. మార్చేశారని అక్కడే అర్థమైంది, వివరాలు తర్వాత తెలిశాయి. అసలు డోలు జర్మన్ వాళ్ల ముందు హాల్లో అద్దాల పెట్టెలోనే ఉంది. హైదరాబాదులో ఏదో దుకాణంలో ఒక కొత్త డోలు కొని, ఎవరి సామానుతోనో జర్మనీ పంపి, ఈ పెట్టెలో సర్ది వెనక్కి తెప్పించారు. పెరిగిన గడువు ఇందుకు పనికొచ్చిందన్నమాట. రోడ్డు మీద పప్పన్నం తిని, ఎండలో తిరిగి, ఈ దొంగపనికి సమయం సంపాదించి పెట్టింది నేనేనా అని ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

ప్రసాద్ గారు నా పక్కకు జరిగారు. ఆయనా చూశారు. "అమ్మా, సంఖ్య సరిపోయింది కదా. మనకెందుకమ్మా," అని గొణిగారు. ఆ కంపెనీ మా ఆఫీసుకు అందరికంటే పెద్ద క్లయింటు. నేను నోరు మూసుకుంటే పుస్తకం ముగుస్తుంది, యంత్రాలు ఇంటికి వెళ్తాయి, జర్మన్ వాళ్లకు డోలు దక్కుతుంది, కార్తీక్‌కు మెప్పు దక్కుతుంది. ఒక్క మల్లయ్యకు తప్ప అందరికీ మంచిదే. ఆయన గేటు బయట చెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"సార్, చివరి వరుస ఒకసారి చదవమంటారా?" అన్నాను.

అధికారి తలెత్తాడు. "చదవండి."

చదివాను. ఎడమ అంచున పగులు, రాగి తీగతో బిగించినది, వాడినది.

ఆయన డోలును తిప్పి చూశాడు. అంచంతా వేలితో తడిమాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. "మేడమ్, మీరు మీ క్లయింటు మీదే ఫిర్యాదు చేస్తున్నారా?"

"ఫిర్యాదేమీ లేదు సార్. రాసింది చదివాను."

పెన్ను మూసేశాడు. జాబితాలో ఉన్నది రాలేదు, లేనిది వచ్చింది. మొత్తం సరుకును ఆపేశాడు. ప్రసాద్ గారు అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డారు.

కార్తీక్ ఫోన్ రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"మేడమ్, ఏంటండీ ఇది? అతనికి ఇంకా మంచిది, కొత్తది ఇస్తున్నాం కదా. అతనికే లాభం. డ్రమ్ అంటే డ్రమ్మే కదండీ!"

"మీ వేలు తీసేసి ఇంకా మంచి వేలు, కొత్తది పెడితే మీ మిషన్ తలుపు తీస్తుందా, సార్?"

ఫోన్ పెట్టేశాడు. వేలి గీతల్లో తేడా చెప్పి బతికే కంపెనీకి ఒక పగులు, ఒక తీగ తేడాగా కనబడలేదు. ఆ వేళ్లన్నీ వాళ్లలాంటివాళ్లవి, ఈ డోలు మల్లయ్యది. అంతకంటే కారణం నాకు దొరకలేదు, ఇప్పటికీ.

అడిగితే అయిపోయే పని

యంత్రాలు కార్గోలోనే ఉండిపోయాయి. వాటితో వాళ్లు ఇంకో దేశంలో ఇంకో ఎగ్జిబిషన్‌కు వెళ్లాలి. కంపెనీ పెద్దాయన ఒకరు స్వయంగా రంగంలోకి దిగి జర్మన్ వాళ్లకు మెయిల్ పెట్టాడట, ఆ డోలు మాది కాదు, ఒక కళాకారుడిది, తిరిగి కావాలి అని. వాళ్లు వెంటనే క్షమాపణ చెప్పి పంపేశారు. ఒకరి సొంతమని తెలిస్తే అసలు ఉంచుకునేవాళ్లమే కాదన్నారు. ఏడాదికి పైగా కార్తీక్ నోటికి రాని మాట అది. ఆ మాట అడగడానికి మొహమాటపడి కొత్త డోలు కొన్నాడు, విమానం ఎక్కించాడు, రెండు దేశాల కస్టమ్స్‌ను మోసం చేయబోయాడు. అంత తెలివి, అంత శ్రమ!

అక్కడా ఇక్కడా కస్టమ్స్‌కు తప్పు ఒప్పుకుని కాగితాలు రాసిచ్చి, జరిమానాతో వ్యవహారం చక్కబెట్టుకున్నారు. ఆ కంపెనీ మా ఆఫీసును వదిలేసింది. ప్రసాద్ గారు చాలా రోజులు నా ముఖం చూసి మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం టీ తాగుతూ, నావైపు చూడకుండా, "ఆ తీగ సంగతి రాయడం మంచిదే అయిందిలేమ్మా," అన్నారు. భయస్తులకు అంతకంటే ధైర్యం ఉండదు. అది కూడా ఆయనకు ఎక్కువే.

కార్తీక్ ఏమయ్యాడంటారా? ఆ ఏడాదే క్లయింటును సంతోషపెట్టినందుకు కంపెనీలో ఏదో అవార్డు ఇచ్చారు. ఎందుకు ఇచ్చారని నన్ను అడగకండి.

పిల్లలూ, ఈ వృత్తిని కాగితాల పని అని జనం తక్కువగా చూస్తారు. మీరూ కొన్నాళ్లకు అలాగే చూస్తారు. కానీ సిగ్గుతో చేయని పనిని మనుషులు కాగితానికి భయపడి చేస్తారు. ఆ కాగితం మీద అబద్ధానికి చోటు లేకుండా రాయడమే మన పని. మిగతాదంతా ముద్రలు.

ముగింపు

జాతర మొదలయ్యే ముందు అసలు డోలు వచ్చింది. అధికారి ఈసారి ముందు అంచు చూశాడు, తీగ మీద వేలు పెట్టాడు, తర్వాతే సంతకం చేశాడు. నేనే డోలును రెండు చేతులతో పట్టుకుని గేటు బయటికి తీసుకెళ్లాను.

మల్లయ్య లేచి నిలబడ్డాడు. దండం పెట్టలేదు, ఏడవలేదు. డోలును అందుకుని తోలు మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టి చెవి పెట్టాడు. మొహం మాడిపోయింది.

"ఎండిపాయె. గా ఏసీల పెట్టి ఎండబెట్టిన్రు. మళ్ల తోలు కట్టాలె," అన్నాడు. తర్వాత చెక్కను తడుముతూ ఒకచోట ఆగాడు. రాగి తీగ పక్కనే చిన్న ఇత్తడి రేకు అతికించి ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కారు.

"గిదేంది అక్కా? ఏం రాసిన్రు?"

చదివాను. పైకి చెప్పబుద్ధి కాలేదు. మళ్లీ అడిగాడు, చెప్పక తప్పలేదు.

"కంపెనీ పేరుంది. వాళ్లు జర్మనీ వాళ్లకు ప్రేమతో ఇచ్చిన బహుమతి అని రాశారు."

కార్తీక్ ఎందుకు అడగలేకపోయాడో అప్పుడు తెలిసింది. తనది కాని దాన్ని ఎప్పుడో దానం చేసేసి ఉన్నాడు.

మల్లయ్య ఆ రేకును బొటనవేలితో రుద్దాడు. కోపంగా అరుస్తాడనుకున్నాను. మెల్లగా అడిగాడు.

"ఎవలి సొమ్ము అక్కా? ఎవలిచ్చిన్రు?"

ఆ రోజుల్లో అదే ప్రశ్న ప్రతి చౌరస్తాలో, ప్రతి మైకులో మోగుతూ ఉండేది. నీళ్ల గురించి, ఉద్యోగాల గురించి, భూముల గురించి. వినీ వినీ నాకు విసుగు కూడా వచ్చింది. ఆ చెట్టు కింద మాత్రం మొదటిసారి సరిగ్గా వినబడింది.

నా బ్యాగులో చిన్న స్క్రూడ్రైవరు ఉంటుంది, పెట్టెలు విప్పడానికి. తీసి, రేకు ఊడదీస్తానన్నాను. ఆయన నా చేయి పక్కకు జరిపాడు.

"ఉండనియ్యి. నా పేరు రాయమంటే వరుస లేదన్నవ్ గదా. గీళ్ల పేరు రాయనీకె మాత్రం జాగ దొరికింది. జాతరల అందరికి సూపిస్త."

డోలును భుజానికి తగిలించుకుని బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. ఎండకు రేకు మెరుస్తూ చాలా దూరం దాకా కనబడింది.